ఓరుగంటి సీమయందు నారకాగితము - దాని జలరక్షణము

పూర్వకాలపు లేఖకులు గ్రంథాంతమునందు పుస్తకముచేతనే పలికించు ప్రార్థన యొకటి పండితులకెల్ల సుపరిచితము. అందు పుస్తకము తన్ను తైలమునుండియు, జలమునుండియు, సడలిన కట్టునుండియు కాపాడుమనియు, మూర్ఖుని చేతికీయవలదనియు వేడుకొనును. కడపటి రెండు భయములకును దారమును, వివేకమును మందులు. మొదటి రెండింటి విషయమట్లు కాదు. నీటిని దూరముగా నుంచుటకు జనులకు మొదట తోచిన సాధనము తైలమే. తైలము పట్టిన పత్రము నీటిని తట్టుకొనును గాని మసిని గ్రహింపదు. కాలక్రమమున వన్నె మాఱి పెళుసెక్కును. కావున నొక భయమునకు చేసిన చికిత్సయే రెండవ భయమునకు మూలమగుచున్నది.

ఈ చిక్కును విడదీయుటకై తెలుగుదేశమున, విశేషించి ఓరుగంటి సీమయందును దాని పరిసరములందును, ఆకు, నార, ప్రత్తి, వెదురు మొదలగు వస్తువులపై ఏయే కాలమున నేయే యుపాయములు ప్రయుక్తములైనవో విచారించుట యావశ్యకము. ఇది కేవలము శిల్పచరిత్ర కాదు. తెలుగు గ్రంథములలో నేవి నిలిచినవి, ఏవి నశించినవి, ఏవి నేడు నశించుచున్నవి యను ప్రశ్నకు సమాధానము కొంతవఱకు దీనియందే కలదు.

విచారమునకు ముందు ఒక భేదము నేర్పఱచుకొనవలెను. పత్రమునకు జలసహత్వము మూడు తెఱగులు. వ్రాసిన మసి చెదరి వ్యాపింపకుండుట మొదటిది. పైబడిన నీరు లోనికింకక జాఱిపోవుట రెండవది. నీటతడిసియు పత్రము చినుగక నిలుచుట మూడవది. ఒకటి యున్నచోట తక్కిన రెండును నుండవలెనను నియమము లేదు. ఈ భేదమును పాటింపకపోవుటచేతనే పాతకాగితములనుగూర్చిన ప్రశంసలయందును నిందలయందును పెక్కు పొరపాట్లు దొర్లుచున్నవి.

శబ్దవిచారము

పతనార్థకమైన పత్ ధాతువునుండి పుట్టిన పత్రశబ్దమునకు ఱెక్కయనియు, ఆకనియు నర్థములు. వ్రాతకు సాధనమైన వస్తువున కీ పేరు వచ్చుటకు తాళపత్ర భూర్జపత్రములే కారణము. తెలుగున 'ఆకు' 'కమ్మ' యను మాటల చరిత్రయు నిట్టిదే. తాటికమ్మపై వ్రాసి పంపిన వార్తయే కమ్మయైనది.

ఇంతకంటె చిత్రమైనది లేఖ, లిపి యను రెండు మాటల పొందిక. లేఖయన గీత, లిఖ్ ధాతువునకు గీయుట, గీఱుట మూలార్థము. లిపిశబ్దమును వైయాకరణులు పూయుటయను నర్థముగల లిప్ ధాతువునుండి సాధింతురు. దీనికి ప్రాచీనపారసీకమునందలి 'దిపి' శబ్దముతో సంబంధమును చూపు భాషాశాస్త్రజ్ఞులును పలువురు కలరు. వ్యుత్పత్తి యెట్లున్నను, గీఱుట, పూయుట యను రెండు క్రియలును రెండు వేఱు లేఖనపద్ధతులను తెలుపుచున్నవి. గంటముతో ఆకుపై గీఱిన యక్షరము గుంట; కలముతో కాగితముపై పెట్టిన యక్షరము పూత. నీరు పూతను కడిగివేయగలదు గాని గుంటను కడిగివేయజాలదు. తాళపత్రమునుండి కాగితమునకు మాఱుటలో లేఖకుడు కోల్పోయిన మొదటి రక్షణ యిదియే.

ఇక 'కాగితము' తత్సమమును కాదు, అచ్చతెలుగు దేశ్యమును కాదు. పారసీకమునందలి కాగజ్ శబ్దముతో సంబంధించిన యన్యదేశ్యము. శ్రీనాథుడు భీమేశ్వరపురాణావతారికయందు బెండపూడి యన్నయమంత్రి పారసీకభాషలో కాగితముపై వ్రాయు నేర్పును ప్రశంసించెను. ఈ ప్రయోగమున రెండంశములు గమనింపదగినవి. పదునేనవ శతాబ్ది పూర్వార్ధమునకే యీ మాట తెలుగు పద్యమునందు చేరియుండుట యొకటి. అది కావ్యలేఖనముతో గాక పారసీకభాషతోను, రాజసభా వ్యవహారముతోను జతపడి వచ్చుట రెండవది. క్రీ. శ. 1323లో ఉలుగుఖాను ఓరుగల్లును జయించిన పిదప నగరమునకు సుల్తానుపురమను పేరు పెట్టబడెను. ఢిల్లీ ప్రభుత్వపు లెక్కలును, ఆజ్ఞలును పారసీకభాషలో కాగితముపై నడచినవి. ఆ మీద నొక శతాబ్దమునకు కానవచ్చు శ్రీనాథుని ప్రయోగము, ఆ వ్యవహారము తెలుగు మంత్రులకును సహజవిద్యయైనదని సాక్ష్యమిచ్చుచున్నది. కవులును, శాస్త్రకారులును మాత్రము తాటాకును విడువలేదు. తరువాత నైదువందల యేండ్లవఱకును తెలుగు గ్రంథములు తాళపత్రములపై వ్రాయబడుచునే యుండెను.

తాళపత్రము

ఈ విముఖతకు ఆచారమొక్కటే కారణము కాదు. తాటాకుపై ప్రకృతియే మైనపుపొర నొకదానిని కల్పించినది. లేఖకులు ఆకును నీట నానవేసియో, యుడికించియో, నీడనెండించి, సమముగా కోసి, మెఱుగుపెట్టి వాడిరి. గంటముతో గీఱిన పిమ్మట దీపపుమసిని పసరుతోనో, నూనెతోనో కలిపి రుద్ది తుడిచివేసినచో మసి గుంటలయందే నిలుచును. మసి చెదరనిది, నీరింకనిది, తడిసిన వెంటనే చినుగనిది యగుటచే పైని చెప్పిన మూడు గుణములును తాళపత్రమునందు పొసగియున్నవి. మసి పోయినను గీఱిన గుంట యుండును గనుక మరల మసి పూసి చదువుకొనవచ్చును.

అయినను దానికి రెండు శత్రువులు మిగిలినవి: పురుగును, చిరకాలపు తేమయును. ఓరుగంటి సీమవాడైన బమ్మెర పోతన భాగవతముయొక్క చరిత్రయే యిందుకు తార్కాణము. పోతన రచించిన భాగవతమునందు కొన్ని భాగములు శిథిలములైనవనియు, వానిని గంగన, సింగన, నారయ యనువారు పూరించిరనియు సంప్రదాయము. గ్రంథము భూమిలో పాతిపెట్టబడి చెదలపాలైనదను జనశ్రుతి సత్యమగుగాక, కాకపోవుగాక, అట్టి కథ పుట్టుటకును, విన్నవారు నమ్ముటకును ఆ సీమయందు తాళపత్రములకు సామాన్యముగా కలుగు దుర్గతియే యాధారము. వానజల్లునకు వెఱవని యాకు మన్నులోని చెమ్మకు లోబడును. నీటిబొట్టును తోసివేయుట వేఱు, గాలిలోని తేమను సంవత్సరములతరబడి సహించుట వేఱు.

నారకాగితము

మన దేశపు చేతికాగితమునకు కఱ్ఱతో పని లేదు. జనుపనార, పాతత్రాళ్లు, గోనెలు, ప్రత్తిగుడ్డల పేలికలు దానికి ముడిసరకులు. దౌలతాబాదు చేరువనున్న కాగజీపురమునందలి పనివారు తమ విద్యను తుగ్లకులకాలమునుండి వచ్చినదానినిగా చెప్పుకొందురు. తెలుగుదేశమున పాలమూరు ప్రాంతపు కోయిలకొండ చేతికాగితమునకు పేరుపొందినది. పద్ధతి యెల్లెడల నించుమించుగా నొక్కటే. నారను ముక్కలుగా నఱికి, సున్నపునీట దినములతరబడి నానబెట్టి, కాలితో త్రొక్కు రోకటిక్రింద దంచి, పాఱునీట కడిగి, మరల సున్నమువేసి దంచుదురు. ఇట్లు పలుమాఱులు చేయగా నారపోగులు విడివడి గుజ్జగును. ఆ గుజ్జును నీటితొట్టిలో కలియబెట్టి, సన్నని గడ్డిపుల్లల చాపతో నెత్తినచో నీరు దిగిపోయి పలుచని పొర నిలుచును. దానిని నొత్తి, గోడకంటించి యెండబెట్టుదురు.

ఇట్లెండిన కాగితము మసిని దూదివలె పీల్చుకొనును. నారయొక్క సారమైన సెల్యులోజునకు నీటితో సహజమైన చెలిమి యుండుటయు, పోగులనడుమనున్న సన్నని సందులు నీటిని లోనికి లాగుటయు దీనికి హేతువులు. ఆ సందులను పూడ్చుటకే గంజి. బియ్యపుగంజినో, గోధుమగంజినో రెండు ప్రక్కలను పూసి, యెండించి, నున్నని రాతితోనో, శంఖముతోనో రుద్ది మెఱుగుపెట్టుదురు. అప్పుడు కలము జాఱును, మసి నిలుచును.

కాని యీ గంజి మొదటి గుణమును మాత్రమే యిచ్చినది. గంజి స్వయముగా నీటనుబ్బి మెత్తబడు వస్తువు. మసియో, దీపపుమసిని జిగురుతో నూఱినది; నీరు తగిలిన జిగురు కరగును. కావున వాననీరు సోకిన కాగితపుప్రతియందు గంజియు, మసియు నొక్కసారిగా కదలును. అంతియగాక గంజి పురుగులకు భోజనము.

ఇన్ని లోపములున్నను చేతికాగితమునకు పనివారు కోరి పెట్టని సుగుణమొకటి యబ్బినది. పలుమాఱులు నానబెట్టిన సున్నము కడుగగా కొంత పోయినను కొంత పోగులయందు చిక్కి, గాలిసోకి కాల్షియం కార్బొనేటుగా మాఱి నిలుచును. అది క్షారస్వభావము కలది. కాలక్రమమున కాగితమునందు పుట్టు నామ్లమును హరించుచుండును. జనుపనారయందు లిగ్నిన్ తక్కువగుటయు దీనికి తోడైనది. పురుగును, నీటిని తప్పించుకొన్న నారకాగితము నేటికిని మడచిన విఱుగక నిలుచుటకు రహస్యమిది.

చింతగింజ లేపనము

కాగితముకంటె తేమకు మిక్కిలి యోర్చునట్టి పత్రము వర్తకులకును, కథకులకును కావలసియుండెను. సంతనుండి సంతకు తిరుగు లెక్కలపుస్తకమును, ఊరూర విప్పి చూపు బొమ్మల చుట్టయు గంజికాగితముతో నిర్వహింపబడునవి కావు. దీనికి తెలుగువారును, కన్నడిగులును కనుగొన్న సమాధానము ప్రత్తిగుడ్డపై చింతగింజల లేపనము.

వర్తకుల కడితము ఇట్టిది. గుడ్డకు చింతగింజల యంబలిలో బొగ్గుపొడి కలిపి పూసి, యెండించి, మడతలుగా మడతురు. నల్లని యా పత్రముపై బలపముతో వ్రాసి, యక్కఱతీఱినపుడు తుడిచి మరల వ్రాయవచ్చును. పత్రము నిలుచును, వ్రాత మాఱుచుండును.

రెండవది చేర్యాల పటము. నేడు సిద్దిపేట జిల్లాయందున్న చేర్యాల చిరకాలము వరంగల్లు జిల్లాలోనిది. అచ్చటి నకాశీలు ఖద్దరుగుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల జిగురు, బంకనీరు కలిపి పలుమాఱులు పూసి, ఆఱిన పిమ్మట దానిపై చిత్రములు వ్రాయుదురు. మార్కండేయపురాణము, మడేలుపురాణము మొదలగు కులపురాణములను చెప్పువారు ఈ పటములను చుట్టలుగా చుట్టి మోసికొని యూరూర తిరిగి, విప్పుచు, చుట్టుచు కథ చెప్పుదురు. పూత గట్టిగా నుండవలెను, కాని చుట్టినపుడు పగులరాదు. తేమకు జాఱరాదు, కాని రంగును పట్టవలెను.

ఈ లేపనముయొక్క మర్మము చింతగింజలోని పిండిపదార్థమునందున్నది. అది బియ్యపుగంజివంటిది కాదు. రసాయనశాస్త్రజ్ఞులు దీనికి జైలోగ్లూకన్ అని పేరిడిరి. దీని నిర్మాణము సెల్యులోజును పోలియుండుటచే నది ప్రత్తిపోగునకు గట్టిగా నంటుకొనును. వేడినీట కరగును గాని చల్లనినీట నుబ్బునే తప్ప సులభముగా కరగిపోదు. గుడ్డ నేసినది గనుక తడిసినను చినుగదు. ఇట్లు తడిసియు నిలుచుట యను మూడవ గుణమిందు పూర్తిగా కలదు. నీరింకకుండుట యను రెండవ గుణము కొంతమట్టుకే కలదు.

దేశాంతరముల పద్ధతులు

ఇతరదేశములవారు చేసిన యత్నములతో పోల్చినచో మనవారి మార్గము మఱింత స్పష్టమగును. చీనాదేశమున క్రీ. శ. 105లో కాయ్ లున్ చెట్లపట్ట, జనుపజాతి నార, పేలికలు, పాతవలలు చేర్చి కాగితము చేయించి చక్రవర్తికి సమర్పించెనని యా దేశచరిత్ర. చీనా జపానులవారు కాగితమునకు నూనెపట్టించి గొడుగులు చేసిరి. జపానునందు పచ్చి కాకిఫలముల రసమును పులియబెట్టి కాగితమునకు పూయుదురు. ఆ రసములోని కషాయద్రవ్యము ఎండి నీటిని చొరనీయదు. ఈ కాకివృక్షము మన యడవులలోని తుమికికి సజాతీయము. అచ్చటివారు కొన్యాకు అను దుంప పిండితో కాగితపుపొరల నంటించుటయు కలదు. 1944-45 సంవత్సరములలో జపాను సైన్యము పసిఫిక్ మహాసముద్రముమీదుగా అమెరికాకు పంపిన బాంబుల బుడగలు ఇట్టి పట్టకాగితముతో, నిట్టి పిండితో చేయబడినవే. ఈ దుంప మన కందకు దాయాది. చింతగింజలోని పదార్థమువలె నిదియు సెల్యులోజునకు చేరువచుట్టమైన పిండి.

ఐరోపావారు వేఱొక త్రోవ త్రొక్కిరి. పదుమూడవ శతాబ్దిలో ఇటలీదేశపు ఫాబ్రియానోయందు పేలికల కాగితమునకు జంతుచర్మములనుండి తీసిన సరేసును పట్టించిరి. అది గంజికంటె మేలైనది. మసిని నిలిపి కాగితమునకు బలమునిచ్చినది. ఆఱుశతాబ్దులు నడచిన యా పద్ధతిని యంత్రయుగము మాఱ్చివేసినది.

యంత్రకాగితము

1807లో జర్మనుదేశస్థుడైన మోరిట్జ్ ఫ్రీడ్రిక్ ఇల్లిగ్ సరళవృక్ష నిర్యాసమునుండి వచ్చు రజనమును పటికతో చేర్చి గుజ్జులోనే కలుపు విధానమును ప్రకటించెను. పటిక రజనమును పోగులపై పట్టియుంచును. రజనము నీటిని తోయును. కాగితము పుట్టుచునే జలవిముఖమగుటచే, తరువాత నొక్కొక్క తావునకు లేపనము పూయు పని తప్పినది. యంత్రమున కిది మిక్కిలి యనుకూలము. 1840ల నుండి కఱ్ఱను నూఱి గుజ్జుచేయు పద్ధతియు చేరగా కాగితము చౌకయై, అచ్చుపుస్తకము సామాన్యుల చేతికందినది.

ఈ మేలునకు చెల్లించిన మూల్యము వెంటనే తెలియలేదు. పటిక యామ్లమును పుట్టించును. ఆమ్లము సెల్యులోజు గొలుసులను త్రెంచును. ఇరువదవ శతాబ్ది మధ్యకాలమున అమెరికాయందు విలియం బారో మొదలగువారి పరిశోధనలచే, కాగితములు పసుపెక్కి తునుకలగుటకు ఆమ్లము ముఖ్యహేతువని స్థిరపడెను. అనగా మసి చెదరకుండ కాపాడిన ద్రవ్యమే మసిక్రిందనున్న కాగితమును తినివేసినది. గంజి పురుగును పిలిచినట్లే పటిక యామ్లమును పిలిచినది. భేదమేమన, పురుగును కంటితో చూచి పట్టవచ్చును.

హనుమకొండయందు 1904లో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషానిలయము వెలసెను. 1922లో ఓరుగంటి సీమలోని ఇనుగుర్తి గ్రామమునుండి ఒద్దిరాజు సోదరులు తెనుగుపత్రికను ప్రకటించిరి. తెలంగాణమున తెలుగునకు పునర్జీవము వచ్చిన యీ దశాబ్దములే లోకమంతట పటికరజనముల కాగితము రాజ్యమేలిన దశాబ్దములు. అందుచే నూఱేండ్లనాటి పత్రికలును, చిన్నపుస్తకములును, నాలుగువందల యేండ్లనాటి నారకాగితపుప్రతులకంటె ముందుగా రాలిపోవు విపరీతము సంభవించుచున్నది.

ఈ సందర్భమున వెదురును స్మరింపవలెను. అమరకోశమునందు దీనికి తృణధ్వజమను పర్యాయము కలదు. గడ్డిజాతికి జెండా వంటిదని యర్థము. ఆధునికవృక్షశాస్త్రమును దీనిని గడ్డిజాతిలోనే చేర్చినది. 1875లో థామస్ రౌట్లెడ్జ్ వెదురు కాగితమునకు తగినదని లఘుగ్రంథము వ్రాసెను. దెహరాదూను అటవీపరిశోధనాలయమున విలియం రైట్ దానిని గుజ్జుచేయు విధమును శోధించి 1931లో గ్రంథముగా వెలువరించెను. తెలంగాణమున 1938లో స్థాపితమై 1942లో నుత్పత్తి ప్రారంభించిన సిరిపురము కాగితపుమిల్లు ఆదిలాబాదు అడవుల వెదురును వాడెను. కొత్తపేట యను గ్రామము కాగజ్‌నగరమైనది. ఆ మిల్లు 2014లో నిలిచిపోయి 2018లో మరల ప్రారంభింపబడెను. ముడిసరకు గడ్డిజాతిదైనను, కఱ్ఱయైనను, ఆమ్లలేపనము పట్టినచో నాయువు తగ్గుటలో భేదము లేదు. పోగుయొక్క కులము కంటె లేపనముయొక్క గుణమే యిచ్చట బలవత్తరము.

శాసనప్రతిరూపము

కాగితమునకు జలవైముఖ్యమే యెల్లప్పుడును గుణమనుకొనరాదు. హనుమకొండ వేయిస్తంభముల గుడియందలి క్రీ. శ. 1163 నాటి రుద్రదేవుని శాసనమువంటి శిలాలేఖనములకు ప్రతిరూపము తీయు విధమే యిందుకు నిదర్శనము. ఱాతిని కడిగి, తడిపిన కాగితమును దానిపై పఱచి, కుంచెతో మెల్లగా కొట్టి యక్షరముల గుంటలలోనికి దింపి, ఆఱుచుండగా మసిదిండుతో నద్దుదురు. ఇచ్చట కాగితము నీటిని త్రాగవలెను, త్రాగి మెత్తబడవలెను, మెత్తబడియు దెబ్బకు చినుగరాదు. లేపనము పట్టి నీటిని తోసివేయు కాగితమిందుకు పనికిరాదు. పొడుగైన నారపోగులు పెనవేసికొన్న పలుచని కాగితమే తగినది. నీటిని ద్వేషించుటకును, నీటికోర్చుటకును గల యంతరమును శాసనపరిశోధకుడు ప్రతిదినమును తన చేతితో నెఱుగుచుండును.

ఉపసంహారము

పైవిచారముచే తేలిన సారమిది. తాటాకు తన మైనపుపొరచేతను, గీఱిన యక్షరముచేతను నీటిని గెలిచి పురుగునకు లోబడినది. నారకాగితము నీటికి బెదరినను సున్నపు బలముచే దీర్ఘాయువును పొందినది. చింతగింజపట్టిన గుడ్డ తడిసియు నిలిచినది. రజనము పట్టిన యంత్రకాగితము మసిని నిలిపి, తాను నశించుచున్నది. జలరక్షణము పత్రమునకు గుణమే గాని, దానిని సంపాదించిన ద్రవ్యము పోగుతో నూఱేండ్లు కాపురముచేయగలదా యని చూడక గ్రహించినచో నది దోషమగును.

దీని ఫలితము గ్రంథరక్షకులకు ప్రత్యక్షముగా నుపయోగించును. శిథిలమగుచున్న పాతకాగితములకు తేమనుండి కాపాడుటకని నూనెగాని, వార్నిషుగాని పూయుట హానికరము. పత్రమునకు పూతపెట్టుటకంటె పెట్టెకును, గదికిని తేమ చేరకుండ చూచుట శ్రేయము. ఆమ్లమెక్కిన పత్రికలను విప్పి మడచుటకు ముందే వానికి ఛాయాప్రతులను తీయించి, మూలములను క్షారకాగితపు పొరలమధ్య నుంచవలెను. 1950 తరువాత ఆమ్లము లేకయే కాగితమును జలవిముఖము చేయు లేపనద్రవ్యములు వాడుకలోనికి వచ్చినవి; సుద్దతో కలిపిన యట్టి కాగితము పూర్వపు సున్నపుకాగితమునకు సోదరప్రాయము. చిరకాలము నిలువవలసిన తెలుగు గ్రంథములను ముద్రించువారు కాగితపు తెలుపును, నునుపును మాత్రమే యడిగి తృప్తినొందక, అందలి లేపనము ఆమ్లమా, క్షారమా యని యడిగి తెలిసికొనుట కర్తవ్యము.